ఎనిమిదో రేసు గడులు

ఆ కొవ్వొత్తి వాసన చూసి ఠక్కున మూత పెట్టేశాను. చిన్న గాజు గ్లాసులో మైనం పోసి, మీద ‘థార్న్‌విక్ స్పీడ్‌వే పరిమళం’ అని బంగారు రంగు అక్షరాలు అంటించి అమ్మకానికి పెట్టారు. మూత తీస్తే ఒంటిసబ్బు వాసన! ఇరవై ఆరేళ్ళు ప్రతి శుక్రవారం ఆ మోటారుసైకిల్ రేసుల ట్రాక్ కంచె పట్టుకుని నిలబడ్డదాన్ని నేను. అక్కడ ఇంజన్లలో ఆముదం మాడిన వాసన వచ్చేది, వేయించిన ఉల్లిపాయల వాసన వచ్చేది, వానకు తడిసిన ఉన్నికోట్ల వాసన వచ్చేది. సబ్బు వాసన మాత్రం ఎవరి ఒంటి మీదా వచ్చేది కాదు.

ట్రాక్ పడగొట్టి పార్సెళ్ళ గోదాము కట్టారు. కట్టినవాళ్ళు ఊరి నోరు మూయించడానికి ముందువైపు ఒక గది విదిల్చారు. దానికి వారసత్వ కేంద్రం అని పేరు. దాని పెద్ద ఏడ్రియన్ ఫోథర్‌గిల్. నలభై నిండనివాడు. ఒక్క రేసైనా కళ్ళతో చూసిన పాపాన పోలేదు గానీ, మెడలో కార్డు వేలాడేసుకుని ‘మన స్పీడ్‌వే’ అంటాడు. ఆ ‘మన’ విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది.

ఆ రోజు నేను కొవ్వొత్తుల కోసం వెళ్ళలేదు. మూడు వారాల్లో ఆ గది బయట రైడర్ల గోడ తెరుస్తారు. మా హెరన్స్ జట్టు తరఫున లీగ్ పోటీలో ఒక్కసారైనా దిగిన ప్రతివాడి పేరూ, ఎన్ని రేసులు, ఎన్ని పాయింట్లు అన్నదీ రాగిరేకు మీద చెక్కిస్తున్నారు. ఆ జాబితా తలుపుకి అంటించారు. మూడుసార్లు చదివాను. మా అన్నయ్య నోరిస్ పేరు లేదు.

నోరిస్ దిగింది ఒక్క రేసులో. రెండేళ్ళపాటు అసలు పోటీ అయిపోయాక కొత్తవాళ్ళ రేసుల్లో తిరిగాడు, ఎడమ బూటుకి ఇనుప తొడుగు వేసుకుని, బ్రేకుల్లేని ఆ బండిని పక్కకి జారుస్తూ. 1968 జూన్‌లో ఒక శుక్రవారం మావాడొకడు కాలర్ ఎముక విరగ్గొట్టుకుంటే, ఎనిమిదో రేసుకి మా నోరిస్‌కి జట్టు చొక్కా తొడిగారు. నలుగురు, నాలుగు చుట్లు. మొదటివాడికి మూడు పాయింట్లు, రెండోవాడికి రెండు, మూడోవాడికి ఒకటి, ఆఖరివాడికి సున్నా. అవతలి జట్టువాళ్ళు ముందు ఇద్దరు, మా ఐవర్ టనిక్లిఫ్ మూడు, మా నోరిస్ ఆఖరు. ఆ తర్వాత ముప్పై ఎనిమిదేళ్ళు బస్సు నడిపాడు. ఇప్పుడు వృద్ధుల ఆశ్రమంలో ముక్కుకి గొట్టం పెట్టుకుని కూర్చుంటాడు. పొద్దున ఏం తిన్నాడో గుర్తుండదు. నేను వెళ్ళగానే మాత్రం ఒకే ప్రశ్న.

“ఏమే, గోడ మీద నా పేరు వేశారా?”

“వేస్తున్నారు అన్నయ్యా” అని నేనే మాటిచ్చాను.

లోపలికెళ్ళి ఏడ్రియన్‌ని పట్టుకున్నాను.

“మా అన్నయ్య పేరేదయ్యా?”

“చూశాను బెరిల్ గారూ. సీజన్ చివర అచ్చేసిన పట్టికలో ఆయన లేరు.”

“అందులో సున్నా పాయింట్లవాళ్ళని ఎక్కించరు. నీకా మాత్రం తెలీదా?”

“ఆ వారం ఊరి పత్రికేమో రాలేదు. అచ్చుయంత్రం చెడిపోయిందట. ఆధారం లేకుండా రాగి మీద ఎలా చెక్కించమంటారు, మీరే చెప్పండి?”

“ఆధారం నీకు పోయినేడాదే ఇచ్చాను. నాలుగు పెట్టెలు. ఇరవై ఆరేళ్ళ ప్రోగ్రాం పుస్తకాలు. తెరిచి చూడు.”

వాడి ముఖం వెలిగింది. తెల్ల చేతితొడుగులు వేసుకుని, నన్నో అల్మరా దగ్గరికి తీసుకెళ్ళి, ఆ జూన్ శుక్రవారం పుస్తకం పళ్ళెంలో పెట్టి చూపించాడు. కొత్తదిలా మెరుస్తోంది. ఎనిమిదో రేసు పేజీ తీశాడు. అచ్చులో విరిగిన ఎముకవాడి పేరే ఉంది. పక్కన గడులన్నీ ఖాళీ.

“ఇది నాది కాదు” అన్నాను.

“కాదండీ. మీవి గీతలూ కొట్టివేతలూ పడి బాగా పాడైపోయాయి. పాత ప్రోగ్రాంలు సేకరించే ఒకాయన దగ్గర ఇవి దొరికాయి. ఒక్క గీత లేదు! ఇంత శుభ్రమైన వరస దేశంలో ఇంకెక్కడా ఉండదు.”

“మరి నావి?”

“పాత కాగితాలవాళ్ళ తొట్టిలో వేయించాం. మీకు ఉత్తరం రాశామనుకున్నానే?”

ఛీ! స్పీడ్‌వేకి వచ్చేవాడు ప్రోగ్రాం కొనేది దాచుకోవడానికి కాదు. పెన్సిల్ తీసుకుని గడులు నింపడానికి. రేసు కాగానే మైకులో ఫలితం చెబుతారు, పదివేలమంది తలొంచి రాసుకుంటారు. మనిషి మారితే అచ్చుపేరు కొట్టేసి పైన కొత్తపేరు రాస్తారు. సిరా అయితే వానకి కారిపోతుందని అందరి దగ్గరా పెన్సిలే. గడులు నింపనివాణ్ణి చూసి దారితప్పి వచ్చాడురా అని నవ్వుకునేవాళ్ళం. జరిగింది మొత్తం ఆ గీతల్లో ఉంది. అచ్చులో ఉన్నది జరగాల్సింది మాత్రమే. ఈ పెద్దమనిషి జరిగినదంతా చెత్తలో వేసి, ఏమీ జరగని కాగితాల్ని చేతితొడుగులతో పట్టుకుంటున్నాడు. ఆ పళ్ళెం వాడి ముఖాన కొట్టకుండా బయటికి రావడం ఆ ఏడాది నేను చేసిన ఒకే ఒక్క మంచిపని అనుకున్నాను.

బయట వాల్ట్ సగ్డెన్ మెట్లు ఊడుస్తున్నాడు. ఒకప్పుడు రేసుకీ రేసుకీ మధ్య ట్రాక్ మట్టిని దంతెతో సర్దినవాడు. ఎనభై దాటినా ఊరికే వచ్చి ఊడ్చి పోతుంటాడు.

“ఏమే బెరిలూ, ముఖం అట్లా పెట్టావ్? కొవ్వొత్తి కొన్నావా ఏంటి?”

“నోర్మూసుకో వాల్ట్. నా పుస్తకాలు తొట్టిలో వేశారట.”

వాడు చీపురు గోడకి ఆనించి అటూ ఇటూ చూశాడు.

“రెండు పెట్టెలు లేపుకొచ్చా. మిగతావి ఎత్తుదామంటే నడుం పట్టేసింది. మా ఆవిడ నన్ను తిట్టని తిట్టు లేదు, కంపు తెచ్చావని.”

మర్నాడు పొద్దున్నే వాల్ట్ ఇంటి వెనక షెడ్డులో కూర్చున్నాను. ఎలకల కంపు. సగం పుస్తకాలు అంటుకుపోయాయి. రెండో పెట్టె అడుగున దొరికింది ఆ జూన్ శుక్రవారం. టీ మరక, ముందు అట్ట మీద నా పదిహేడేళ్ళ చేతిరాత. ఏడుపొచ్చింది నాకు. మొదటి రేసు, రెండు, మూడు, అన్ని గడులూ నింపి ఉన్నాయి. ఏడో రేసులో టైము కూడా రాశాను. పేజీ తిప్పాను.

ఎనిమిదో రేసు ఖాళీ.

పేరు కొట్టలేదు, రాయలేదు, ఒక్క అంకె వేయలేదు. తొమ్మిదో రేసు మళ్ళీ మామూలే. నాకప్పుడు గుర్తొచ్చింది. అన్నయ్య వరసలో నిలబడగానే పెన్సిల్ జేబులో పెట్టుకుని కంచె ఎక్కాను. గొంతు పోయేలా అరిచాను. ఏమీ రాయలేదు. ఇరవై ఆరేళ్ళలో ఒక్క గడీ వదలని నేను, మా నోరిస్ దిగిన ఆ ఒక్క రేసునే వదిలేశాను.

“ఏంటే, దొరికిందా?” అన్నాడు వాల్ట్.

“పెన్సిల్ ఉందా?”

వాడు నా చేతిలో పేజీ చూశాడు, నన్ను చూశాడు. చెవి మీంచి పెన్సిల్ తీసి బల్లమీద పెట్టాడు.

“నేను టీ పెట్టి వస్తా. నాకసలే చూపు తక్కువ.”

అచ్చుపేరు కొట్టేశాను. పైన అన్నయ్య పేరు, ‘ఎన్. హెస్కెత్’ అని రాశాను. అంతవరకూ నిజమే. అవతలివాళ్ళకి మూడు, రెండు వేశాను. అదీ నిజమే. ఆ తర్వాత పెన్సిల్ ఆగింది. ఎలాగూ యాభై ఏడేళ్ళ తర్వాత దొంగరాత రాస్తున్నాను కదా, దొంగతనం చేసి మరీ వాడికి సున్నా ఎందుకివ్వాలి అనిపించింది. జీవితమంతా కలిపి ఒక్క రేసు. ఒక్క పాయింటు. నోరిస్ గడిలో ఒకటి వేశాను. నలుగురిలో ఎవడో ఒకడు ఆఖరువాడు కావాలి గనక ఐవర్ గడిలో సున్నా చుట్టాను. ఐవర్ పోయి ఇరవై ఏళ్ళు. వాడికి బోలెడు పాయింట్లున్నాయి, ఒకటి పోతే ఏమిటి అనుకున్నాను.

సోమవారం ఏడ్రియన్ చేతిలో పెట్టాను. గీతలంటే ముక్కు మూసుకున్నవాడు, ఈసారి భూతద్దం పెట్టి చూసి మురిసిపోయాడు.

“అద్భుతం బెరిల్ గారూ! ట్రాక్ పక్కనే, అదే రోజు, అదే చేత్తో! దీన్ని మించిన ఆధారం లేదు. మీ రాతలన్నీ ఉంచుకోవాల్సింది. నాదే పొరపాటు.”

వాడు పొరపాటు ఒప్పుకుంటుంటే నాకు వాడి మీదున్న రోత రెట్టింపైంది. అచ్చంగా నిజం రాసిన నాలుగు పెట్టెలు వాడికి చెత్త. ఒక్క అబద్ధమున్న పేజీ అద్భుతం. అని తిట్టుకుంటూ ఇంటికొచ్చాను. తిట్టు ఎవరికి తగులుతుందో ఆలోచించే ఓపిక లేదు.

గోడ తెరిచే రోజు సన్నటి జల్లు. రెండొందలమంది వచ్చారు, సగం మంది చేతికర్రలతో. నోరిస్‌ని చక్రాల కుర్చీలో తోసుకెళ్ళాను, టై కట్టి, గాలి సిలిండర్ వెనక తగిలించి. తెర తీశారు. అన్నయ్య వేలితో తడుముతూ అక్షరం అక్షరం చదివాడు.

“ఎన్. హెస్కెత్. ఒక రేసు. ఒక... పాయింటు?”

“అవునన్నయ్యా.”

“నేను నాలుగోవాణ్ణి కదే?”

“కాదు. మూడు. నా పుస్తకంలో ఉంది.”

వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “చూశావా! ఇన్నేళ్ళూ ఆఖరివాణ్ణనుకున్నానే. బస్సు డిపోలో ఎవడడిగినా సున్నా అనే చెప్పాను. నువ్వు రాసిపెట్టబట్టి సరిపోయింది.” నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఆ నిమిషం నేను చేసింది ఒప్పే అనిపించింది. ఒక్క నిమిషమే.

ఆ పక్కనే ఐవర్ భార్య థెల్మా నిలబడి ఉంది. నల్లకోటు, పెళ్ళికి వచ్చినట్టు జుట్టు చుట్టించుకుంది. తన భర్త రేకు దగ్గర ముఖం పెట్టి, కళ్ళజోడు తుడుచుకుని, మళ్ళీ చదివింది.

“ఏడ్రియన్, ఇదేంటి బాబూ, నాలుగొందల తొంభై తొమ్మిది?”

“బెరిల్ గారి పుస్తకం దొరికాక సరిచేశామండీ. ఒక రేసులో ఐవర్ గారికి పొరపాటున ఒక పాయింటు ఎక్కువ లెక్కేశారు. ఇప్పుడు కచ్చితంగా ఉంది.”

థెల్మా నావైపు తిరిగింది. ఆమె ముఖంలో కోపం లేదు. ఉంటే బాగుండేది.

“ఐదొందల పాయింట్లు పూర్తయ్యాకే జట్టు చొక్కా విప్పాను అనేవాడు బెరిల్. దవాఖానలో కూడా నర్సులకి అదే చెప్పేవాడు. నువ్వు అక్కడే ఉన్నావుగా. నిజంగానే ఆయనకి ఆ రేసులో సున్నానా?”

నోరిస్ కింది నుంచి నా ముఖంలోకి చూస్తున్నాడు. నా చెయ్యి ఇంకా వాడి గుప్పిట్లోనే ఉంది.

“సున్నానే థెల్మా” అన్నాను.

“సరేలే. నువ్వు రాశావంటే అంతే అయ్యుంటుంది. గడి వదలవని ఊరంతా చెప్పుకునేవాళ్ళు.” ఆమె చేతిరుమాలుతో రేకు మీద వాన చుక్కలు తుడిచింది. “సమాధిరాయి మీద ఐదొందలని చెక్కించాను బెరిల్. ఇరవై ఏళ్ళుగా అబద్ధం చెక్కిన రాయికి పూలు పెడుతున్నాను. ఎంత సిగ్గుచేటు. రేపే మనిషిని పిలిపించి చెరిపించేస్తాను.”