గోడల్లేని గుమ్మం

సూర్యకాంతమ్మకి ఇల్లు లేదు గానీ గుమ్మం ఉంది. ఒడిశాలోని కకిరిగుమ్మ స్టేషన్ నుంచి ఊళ్ళోకి వెళ్ళే దారిలో, చుట్టూ గాలి తప్ప మరేమీ లేని ఖాళీ స్థలం మధ్యన, పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టిన టేకు ద్వారబంధం ఒక్కటీ నిలబడి ఉంటుంది. పై కమ్మీ మీద గజలక్ష్మి చెక్కి ఉంది. పడిపోకుండా అటొకటి ఇటొకటి వెదురు బొంగులు దన్ను పెట్టారు. దారిన పోయేవాళ్ళు ఆగి, ముందు నుంచి ఒకసారీ వెనక నుంచి ఒకసారీ చూసి, ఏమీ అర్థంకాక వెళ్ళిపోతుంటారు.

తప్పంతా ముహూర్తానిది. సూర్యకాంతమ్మని అడిగితే ఆ మాటే చెబుతుంది. ఆవిడ మొగుడు గున్నయ్య రైల్వేలో కీమేన్. రోజూ పట్టాల వెంట నడిచి నట్లూ బోల్టులూ చూసుకోవడం అతని పని. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆవిడ కాపురమంతా క్వార్టర్లలోనే గడిచింది. తలుపు మీద రంగూ తనది కాదు, నంబరూ తనది కాదు. ఒకసారి పండగనాడు గడపకి దట్టంగా పసుపు రాస్తే, అటుగా వచ్చిన ఒక పెద్దమనిషి "సర్కారు గడపకి ఇంత పసుపెందుకమ్మా" అని నవ్వాడు. ఆయన నవ్వి మర్చిపోయాడు. ఆవిడ మర్చిపోలేదు. ఎప్పటికైనా నా గడప, నా ఇష్టమొచ్చినంత పసుపు అని ఆ రోజే అనుకుంది.

గున్నయ్య వచ్చే వేసవిలో రిటైరవుతాడు. క్వార్టర్ ఖాళీ చెయ్యాలి. ఇదివరకు అక్కడే పనిచేసి విశాఖ వెళ్ళిపోయిన తెలుగాయన దగ్గర స్థలం కొని, ఇంటి పర్మిషన్‌కి దరఖాస్తు పెట్టాడు. ఆఫీసులో ఒక మాట చెప్పారు. ఇన్‌స్పెక్టర్ వచ్చి స్థలం చూసేదాకా అక్కడ ఏమీ కట్టకూడదు, కడితే దరఖాస్తు కొట్టేస్తారు, మళ్ళీ మొదటి నుంచీ తిరగాలి. పార్వతీపురం పంతులుగారు ఇంకో మాట చెప్పారు. మూఢం వచ్చేస్తోంది, ఈలోగా గుమ్మం నిలబెట్టకపోతే వేసవి దాటేదాకా మంచిరోజు లేదు, గుమ్మం నిలబెట్టేస్తే ఇల్లు మొదలైనట్టే, గోడలు ఎప్పుడు లేపుకున్నా పరవాలేదు.

రెండు మాటల్లో ఆవిడ ఏది చెవిన వేసుకుందో వేరే చెప్పక్కర్లేదు.

గుమ్మం నిలబెట్టిన వారానికే ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడని కబురొచ్చింది. గున్నయ్య పరుగున ఇంటికొచ్చాడు.

"ఒలే, ఒక్క పూటకి తీసి పక్కన పడుకోబెడదాం. ఆయన ఎల్లిపోగానే మళ్ళీ నిలబెట్టీవచ్చు."

"నిలబెట్టిన గుమ్మాన్ని పడుకోబెడతావేటి? పాలు పోసేను, నవధాన్యాలు ఏసేను. దాని మీద సెయ్యేసేవంటే నేను మా అన్న కాడికెల్లిపోతాను."

"మరాయనకి ఏటి సెప్పమంతావు?"

గున్నయ్య గజలక్ష్మి వంక చాలాసేపు చూశాడు. రోజంతా పట్టాల మీద ఒక్కడే నడిచే మనిషికి ఆలోచించుకోవడానికి కావలసినంత తీరిక ఉంటుంది. అదే వచ్చిన చిక్కు. బజారుకెళ్ళి ఎర్రగుడ్డ, బంతిపూల దండ, అగరొత్తులు పట్టుకొచ్చాడు. గుడ్డ కమ్మీకి కట్టాడు, దండ గజలక్ష్మి మెడలో వేశాడు, గడప ముందు దీపం పెట్టాడు.

"అమ్మోరంతాను. అబద్దమేటి, పైన లచ్చిందేవి ఉంది కదా" అన్నాడు.

ఆవిడకి మనసొప్పలేదు. అయినా గుమ్మం కదలకుండా ఉంటుంది కదా అని ఊరుకుంది.

ఇన్‌స్పెక్టర్ బిశ్వజిత్ మోటారుసైకిల్ మీద వచ్చాడు. కుర్రవాడు, మర్యాదస్తుడు. తల్లిది తెలుగువాళ్ళెక్కువగా ఉండే గుణుపురం కావడంతో తెలుగు చక్కగా మాట్లాడతాడు, పిలుపులు మాత్రం ఒడియాలో, బాబాయిని మౌసా, పిన్నిని మౌసీ అంటాడు. ఎర్రగుడ్డ చూడగానే దారి మీదే బూట్లు విప్పేశాడు. వచ్చి గడపకి నుదురు ఆనించి దండం పెట్టుకున్నాడు. అక్కడితో ఆగితే బాగుండేది. కానీ అంత భక్తి చూసేసరికి గున్నయ్యకి పూనకం వచ్చినంత పనైంది.

"మహా సత్తెం గల తల్లి బాబూ. అడిగింది ఇస్తాది. ముఖ్యంగా మోకాళ్ళ నొప్పులకి తిరుగు నేదు" అన్నాడు. రోజూ నడిచే మనిషి కాబట్టి నోటికి మొదట మోకాళ్ళే వచ్చాయి.

బిశ్వజిత్ చేతిలోని ఫైలు మెల్లిగా మూసేశాడు.

"మౌసా, మరి ఇక్కడ ఇల్లు కుదరదు కదా. ఠాకురాణీ, అదే మీ అమ్మవారు, ఉన్నచోట మనుషులు కాపురం ఎలా పెడతారు? మంచాలు వేస్తారు, అంట్లు తోముతారు, తప్పు కదా. ఇది దేవస్థలం అని రాసేస్తాను. మీరు ఇంకోచోట చూసుకోండి."

గున్నయ్య దండ తీసెయ్యబోయి, మళ్ళీ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"రాసే ముందు ఆదివారం మా అమ్మని తీసుకొస్తాను. మోకాళ్ళతో నాలుగేళ్ళుగా బాధపడుతోంది" అని ఇంకోసారి దండం పెట్టి, బూట్లు చేత్తో పట్టుకునే మోటారుసైకిల్ దాకా నడిచాడు.

ఆ రాత్రి సూర్యకాంతమ్మ గున్నయ్యకి అన్నం పెట్టిన చప్పుడు పక్క క్వార్టర్‌కి వినిపించింది.

"నీ అమ్మోరుకి ఇల్లొచ్చింది. నాకే పోయింది" అంది. ఆ తర్వాత అతనితో మాట్లాడలేదు.

అసలు కష్టం మర్నాటి నుంచి మొదలైంది. ఇన్‌స్పెక్టరే బూట్లు విప్పి మొక్కాడంటే మాటలా. స్టేషన్లో పనిచేసేవాళ్ళ ఆడవాళ్ళు వచ్చారు. లక్ష్మీపూర్ సంతకి వెళ్ళేవాళ్ళు బుట్టలు దించి అరటిపళ్ళు పెట్టి వెళ్ళారు. ఒక లారీ డ్రైవరు కొబ్బరికాయ కొట్టి, లారీ చక్రానికి కూడా బొట్టు పెట్టుకుని పోయాడు. ప్రసాదాలకి సూర్యకాంతమ్మ ఏమీ అనలేదు. కానీ ఎవరెవరో వచ్చి తన గడపకి పసుపు రాసి పోతుంటే మాత్రం కడుపు మండిపోయింది. ఇన్నాళ్ళకి సొంత గడప అనుకుంటే, ఇదీ క్వార్టర్ గడపలాగే పదిమందిదీ అయిపోయింది. పక్క చేను గట్టు మీద కూర్చుని కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

ఆదివారం పొద్దున్నే ఆటో వచ్చింది. బిశ్వజిత్ తల్లిని చెయ్యి పట్టుకుని దించాడు. భారీ మనిషి. చేతికర్ర ఊతంతో వచ్చి, గుమ్మానికి దండం పెట్టి, కర్ర కొడుక్కిచ్చేసి ప్రదక్షిణం మొదలుపెట్టింది. మొక్కుకుంటే కర్ర లేకుండా తిరగాలని ఆవిడ పట్టు. మొదటి చుట్టు ఎలాగో అయింది. రెండో చుట్టులో గుమ్మం వెనక్కి చేరేసరికి ముఖమంతా చెమట పట్టింది. వెదురు బొంగు పట్టుకుని, పళ్ళు బిగించి, మళ్ళీ అడుగు వేసింది.

గున్నయ్య సూర్యకాంతమ్మ వంక దీనంగా చూశాడు. నోరు విప్పకే అని ఆ చూపు. నోరు విప్పితే దరఖాస్తు పోతుంది. విప్పకపోతే స్థలమే పోతుంది, పైగా ఈ ముసలావిడ కూలబడేలా ఉంది. సూర్యకాంతమ్మ గబగబా వెళ్ళి ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"ఆగమ్మా, ఇంక తిరక్కు. ఇది అమ్మోరు కాదు. నా ఇంటి గుమ్మం."

ఆవిడ ఆగిపోయింది. బిశ్వజిత్ కూడా దగ్గరికొచ్చాడు. గున్నయ్య ఆకాశంలో ఏదో వెతుక్కుంటున్నవాడిలా తల పైకెత్తి నిలబడ్డాడు.

"మూఢం వచ్చీస్తందని ముందే నిలబెట్టీసేను. ఇల్లు పోద్దని బయమేసి అమ్మోరని సెప్పించేను. తప్పు నాదే. మోకాళ్ళ సంగతి మాత్రం నాకు తెలీదు, అది ఆయన సొంతంగా సెప్పేడు" అంది సూర్యకాంతమ్మ. "పెళ్ళయిన కాడి నుంచి సర్కారోళ్ళ తలుపే ఏసుకున్నానమ్మా. ఒక్కటి నాదనుకున్నాను."

ముసలావిడ వెదురు బొంగుకి ఆనుకుంది. ఊపిరి కుదుటపడ్డాక గుమ్మాన్ని కింది నుంచి పైదాకా చూసింది.

"మా ఆయన బడిపంతులు. ఊరూరా తిప్పేడు. ఏ ఊరెల్లినా అద్దె కొంపే, ఎవళ్ళదో గుమ్మమే" అంది. తర్వాత కాస్త చిరాగ్గా అడిగింది. "గుమ్మమే అయితే నన్ను బయట నిలబెట్టి మాట్లాడతావేటి?"

సూర్యకాంతమ్మకి ఆ మాట అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. అర్థమయ్యాక గడప దాటి అటువైపు వెళ్ళింది. గృహప్రవేశం రోజున దాటాలని అంతవరకూ ఆగింది. అటు నిలబడి, కొంగు సర్దుకుని, "లోపలికి రా అమ్మా" అంది. సొంత గుమ్మంలో నిలబడి ఆ మాట అనడం ఆవిడకి అదే మొదలు. కళ్ళు చెమర్చాయి.

ముసలావిడ కుడికాలు ముందుపెట్టి లోపలికి వచ్చింది. గున్నయ్య పరుగెత్తి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేశాడు.

"ఇదేటి, ముందు గదా?"

"అవునమ్మా."

"గాలి బాగా వస్తంది" అంది ఆవిడ, మెచ్చుకోలుగా చుట్టూ చూసి.

బిశ్వజిత్ మాత్రం గుమ్మం బయటే తల గోక్కుంటూ ఉండిపోయాడు. "అమ్మా, బయటికి రా. నువ్వు లోపల కూర్చుంటే ఇది ఇల్లయిపోతుంది. ఇల్లయితే దరఖాస్తు కొట్టెయ్యాలి."

"అయితే అమ్మోరని రాసీ."

"కాదని తెలిసాక ఎలా రాస్తాను?"

"మరేటి రాస్తావో నువ్వే సూసుకో. నాను రాను. కూకున్నాను కదా."

అతను గుమ్మం చుట్టూ నడిచాడు. గోడ రావలసిన చోట ఆగాడు. గాలిలోకి చెయ్యి చాపి ఏదైనా తగులుతుందేమో అన్నట్టు చూశాడు. తర్వాత నేరుగా లోపలికి నడిచి వచ్చేశాడు.

సూర్యకాంతమ్మకి ప్రాణం చివుక్కుమంది. "ఏటి బాబూ, గోడలోంచి వచ్చీసేవు. గుమ్మం ఇక్కడుంది కదా."

అతని ముఖంలో మొదటిసారి నవ్వు కనిపించింది. ఏమీ చెప్పకుండా బయటికి వెళ్ళి వెనక నుంచి ఒకసారి వచ్చాడు, పక్క నుంచి ఒకసారి వచ్చాడు.

"ఎటు నుంచి వచ్చినా ఏమీ అడ్డం రాలేదు మౌసీ. కాబట్టి ఇది ఇల్లు కాదు. ఠాకురాణీ కాదని మీరే అన్నారు. స్థలం ఖాళీగా ఉంది. రేపు అదే రాస్తాను, పర్మిషన్ వస్తుంది."

"మరి గుమ్మం?"

"అది కర్ర. ఎండబెట్టుకున్నారు."

గజలక్ష్మి చెక్కిన సింహద్వారాన్ని పట్టుకుని కర్ర అన్నందుకు ఆవిడకి పౌరుషం వచ్చింది. గున్నయ్య వెనక నుంచి కొంగు లాగకపోతే ఏదో ఒకటి అనేసేదే.

గున్నయ్య క్వార్టర్ నుంచి తెచ్చిన టీ తాగి లేచాక ముసలావిడ కొబ్బరికాయ ఇచ్చింది. అమ్మవారికని తెచ్చిందే, ఇంటికని ఇచ్చింది. గడప మీద చెయ్యి వేసుకుని గుమ్మంలోంచే బయటికి వెళ్ళింది. బిశ్వజిత్ మళ్ళీ గోడలోంచి బయలుదేరాడు.

"ఎల్లినప్పుడైనా గుమ్మంలోంచి ఎల్లు బాబూ" అంది సూర్యకాంతమ్మ.

"ఇవాళ వద్దు మౌసీ. ఇవాళ ఇందులోంచి వెళ్తే రేపు అబద్ధం రాసినట్టవుతుంది. ఇల్లు కట్టాక వస్తాను. అప్పుడు మీరు పిలవాలి."

ఆటో వెళ్ళిపోయింది. సూర్యకాంతమ్మ ఎర్రగుడ్డ విప్పేసింది, దండ తీసేసింది. ఎవరెవరో రాసిన పసుపంతా బిందెడు నీళ్ళతో కడిగేసి, తన చేత్తో మళ్ళీ రాసింది, దట్టంగా, ఇష్టమొచ్చినంత. ఈ గొడవలో ఆవిడ కోపం సంగతి మర్చిపోయి ఉంటుందని గున్నయ్య ధైర్యం తెచ్చుకున్నాడు. ఖాళీ టీ గ్లాసులు తీద్దామని పక్క నుంచి అడ్డంగా లోపలికి నడవబోయాడు.

"ఎటొస్తన్నావు?" అంది ఆవిడ తలెత్తకుండానే. "నువ్వేటి, ఆఫీసరువా?"

గున్నయ్య వెనక్కి తిరిగి, చుట్టూ నడిచి వచ్చి, చెప్పులు విడిచి, తడి పసుపు తొక్కకుండా గడప దాటి లోపలికి వచ్చాడు.