చర్చలు ముగిసేదాకా

పప్పులో పులుపు చాలలేదని ప్రేమలత, ఎక్కువైందని తోటికోడలు సావిత్రి వాదులాడుకున్నారు.

"నీ ఇంట్ల నీ ఇష్టమొచ్చినంత చింతపండు పోసుకో," అంది సావిత్రి.

"పోసుకుంట అక్కా. ఆదివారం పోతున్నగా."

గోండ్‌పిప్రి ప్రాంతపు బియ్యాన్ని పొరుగు దేశానికి పంపడం వాళ్ల భర్తల ఉమ్మడి వ్యాపారం. ఆ దేశం సుంకం పెంచింది, ప్రతీకారంగా మనవాళ్లూ పెంచారు. లారీలు ఆగిపోయాయి. ఎవరి దారి వారు చూసుకుందామని అన్నదమ్ములు అనుకున్నారు. పెళ్లైన ఇన్నేళ్లకు తనకంటూ ఒక వంటిల్లు దొరుకుతుందని ప్రేమలత తుకూం పేటలో అద్దె ఇల్లు చూసి, కిటికీలకు పరదాలు కుట్టుకుంది.

సాయంత్రం టీవీలో వార్త వచ్చింది. చర్చలు జరిగినన్నాళ్లూ పెంచిన సుంకాలను రెండు దేశాలూ తాత్కాలికంగా నిలిపివేస్తున్నాయట.

భోజనాల దగ్గర బావగారు అనంతరావు గొంతు సవరించుకున్నాడు. "గీ సందుల మాలంతా పంపాలె. ఇద్దరం కలిసుంటెనే అయితది. చర్చలు ఒడిసేదాంక వేరు పడుడు బంద్."

"ఒడువకుంటే, బావా?" అంది ప్రేమలత, వడ్డిస్తున్న చేయి ఆపి.

"ఒడువకుంటే మనకింకా మంచిదే గదా!"

ఆమె భర్త సతీష్ కంచంలోంచి తలెత్తలేదు.

"తుకూం ఇంటాయనకు రేపు నేనే ఫోన్ చేస్త, మేం వస్తలేమని," అన్నాడు సతీష్.