మరియతల్లి వైపు మెట్టు

రాతి సిలువ మెట్ల సందుల్లో పట్టిన పాచిని లెవెనెజ్ గట్టి బ్రష్షుతో గీకుతోంది. మోకాళ్ల కింద మడతపెట్టిన గోనెసంచి, పక్కన బకెట్టెడు నీళ్లు. సముద్రపొడ్డున లాన్‌వెరెక్ చర్చి చుట్టూ ఉన్న సమాధుల తోటను ఊడ్చే పని ఆమెది. నడుం వంగిపోయినా ఆ పని ఎవరికీ వదల్లేదు. తోట మధ్యలోని రాతి సిలువ చర్చికన్నా పాతది. దానికి ఒక పక్క వేలాడే క్రీస్తు, రెండో పక్క చనిపోయిన కొడుకును ఒళ్లో పెట్టుకున్న మరియతల్లి. ఉప్పుగాలికి ఆ తల్లి ముక్కూ కళ్లూ అరిగిపోయాయి. ఒడి మాత్రం అలాగే ఉంది.

"ఇవాళ పీకేసేదాన్ని ఇంకా తోముతావేంటి అవ్వా?" బండి మీంచి తాళ్లు దించుతూ నవ్వాడు తాపీమేస్త్రీ గుల్వెన్. రోడ్డు వెడల్పు చేస్తున్నారు. సిలువను కొండమీది కొత్త సమాధుల తోటకు చేర్చే పని అతనిది. "మీ ఆయన్ని కూడా ఇలాగే రుద్దేదానివా?"

"రుద్దించుకోడానికి ఇంటిపట్టున ఉంటేగా, సచ్చినోడు!"

కూలీలిద్దరూ పగలబడి నవ్వారు. అనేశాక లెవెనెజ్ ముఖం తిప్పుకుంది.

పెళ్లయిన మరుసటేడు ఆమెకు కొడుకు పుట్టాడు. ఏడవలేదు, ఊపిరే తీసుకోలేదు. జ్ఞానస్నానం అందని బిడ్డకు ఈ మట్టిలో చోటు లేదని, గోడ అవతల ముళ్లపొదల్లో పూడ్చుకోమని అప్పటి ఫాదరు చెప్పాడు. భర్త గ్వెనోలె సరేనని తలూపి వచ్చాడు. చేపల పెట్టె పలకలతో చిన్న పెట్టె కొట్టి, ఊరంతా పూజలో ఉండగా మరియతల్లి వైపు మెట్టెత్తి దాని కింద దాచాడు. ఆ వేసవిలో ఐస్‌లాండ్ వైపు వేటకు వెళ్లిన అతని పడవ తిరిగి రాలేదు. సంగతి తెలిసినది ఆమె ఒక్కతే మిగిలింది. ఊడ్చే పని అడిగి మరీ తీసుకుంది. ఆ మెట్టు మీద పువ్వు పెట్టినప్పుడల్లా, ఎంత భక్తో అనుకునేవాళ్లు చూసినవాళ్లు.

గుల్వెన్ గునపం అందుకున్నాడు.

"మరియతల్లి పక్క మెట్టు నువ్వొక్కడివే ఎత్తు నాయనా."

"ఎద్దంత రాయి, నేనొక్కణ్ణేనా?"

"అక్కడ నా పిల్లాడున్నాడు."

గుల్వెన్ ఆమె ముఖంలోకి చూశాడు. కూలీలను ఆపిల్ కల్లు తాగి రమ్మని పంపేశాడు. గునపంతో మెట్టును మెల్లగా పక్కకు జరిపి, చేతులతోనే తవ్వాడు. పెట్టె లేదు. ఎముక లేదు. తుప్పుపట్టిన మేకులు కొన్ని, వాటి చుట్టూ కాస్త నల్లటి మట్టి.

"ఏమీ లేదవ్వా..." అతను మేకులను అరచేతిలోకి తీసి చూపించాడు.

"గుప్పెడంత పిల్లాడు, ఏం మిగుల్తాడు? అదే వాడు. ఇటియ్యి."

ఆ మట్టిని ఏప్రాన్‌లో పట్టి మూటగట్టింది. బండి కొండ ఎక్కుతున్నంతసేపూ మూట ఒళ్లోంచి దించలేదు.

కొత్తచోట సిలువ నిలబెట్టేసరికి సాయంత్రమైంది. చివరి మెట్టు దించబోతూ గుల్వెన్ ఆగాడు. "పేరేంటవ్వా?"

"పెట్టనిస్తేగా." మూట ముడిని సవరించుకుంది. "మోదెజ్ అనుకున్నాం, వాళ్ల నాన్నా నేనూ."

ఆ పేరు ఆమె పైకి అనడం అదే మొదలు. అన్నాక ఇక ఆపుకోలేకపోయింది. మూట విప్పి మట్టిని మెట్టు కింది గుంటలో పోస్తూ, చిన్నపిల్లలా వెక్కివెక్కి ఏడ్చింది. గుల్వెన్ టోపీ తీసి నిలబడ్డాడు. తర్వాత మెట్టు దించి, సందుల్లో సిమెంటు కూరాడు.

సన్నగా తుంపర మొదలైంది.

"పద అవ్వా, పచ్చి సిమెంటు మీద నేను పట్టా కప్పుతాలే."

"పట్టా గరుగ్గా ఉంటుందిరా."

భుజాల మీది ఊలు శాలువా తీసి మెట్టు మీద పరిచింది. అంచులు చుట్టూ నొక్కి, తడుస్తూనే కొండ దిగి వెళ్లిపోయింది.

మర్నాడు గుల్వెన్ భార్య వేడి వేడి నల్లగోధుమ అట్లు తీసుకెళ్లేసరికి లెవెనెజ్ మంచం మీద గోడవైపు తిరిగి పడుకునుంది. ఒళ్లు ఎప్పుడో చల్లబడిపోయింది.

కొత్త తోటలో మొదటి గొయ్యి ఆమెకే, సిలువను ఆనుకునే తవ్వాడు గుల్వెన్. అక్కడే ఎందుకని ఎవరు అడిగినా పార ఆపలేదు. పని ముగించి, శాలువా తీయబోయాడు. రాలేదు. ఒకవైపు కుచ్చులు సిమెంటులో బిగుసుకుపోయి, రెండోవైపువి గాలికి లేస్తూ, మళ్లీ మెట్టు మీద వాలుతూ ఉన్నాయి.