బియ్యం గదిలో గురువారం

రత్నమాణిక్యానికి కోపం వస్తే చేతిలో గరిటె ఊరుకోదు. ఆ రోజు సాంబారు గుండిగ అంచు మీద అది ఠంగుమని మోగిన మోతకి బడి వరండాలో కాకులన్నీ లేచిపోయాయి. కోపం ముందు హెడ్మాస్టరు ప్రసన్నకుమార్ గారి మీద, ఆ తరవాత చేపలమ్ముకునే సత్యవాణి మీద. అన్నిటికంటే ఎక్కువ తన మీద తనకే.

గోదావరి గట్టు కింద ఆ హైస్కూల్లో పదకొండేళ్లుగా మధ్యాహ్న భోజనం వండుతోంది ఆవిడ. హెడ్మాస్టరు గదికి టీ తీసుకెళ్లిన మనిషి చెవులు ఇంటి దగ్గర పెట్టి రాదు కదా! గదిలో సత్యవాణి చేతులు కట్టుకుని నిలబడి ఉంది. ఆమె కూతురు వెంకటదుర్గ తొమ్మిదో తరగతి. పిల్లకి చదవడం రావడం లేదు, పదో తరగతి తప్పుతుంది, స్కూలు రిజల్టు దెబ్బతింటుంది, టీసీ తీసుకుని ఓపెన్ స్కూల్లో పరీక్ష కట్టించుకోండి అంటున్నారాయన.

“మీరెలాగంటే అలాగేనండి. సంతకం ఎక్కడ పెట్టమంటారండి?” అంది సత్యవాణి.

గుమస్తా సెలవులో ఉండబట్టి కాగితం తయారు కాలేదు. సోమవారం రమ్మన్నారు. అంతవరకూ ఆ పిల్ల అదృష్టం.

ఆ దారి ఎక్కడికి పోతుందో రత్నమాణిక్యానికి ఎవరూ చెప్పక్కర్లేదు. తన కొడుకు మణిదీప్‌నీ ఇలాగే పంపేశారు. వాడు ఆ పరీక్ష రాయనే లేదు. ఇప్పుడు భీమవరంలో ఐసు దిమ్మలు మోస్తున్నాడు. ఆ కాగితం మీద సంతకం పెట్టింది ఈ చెయ్యే, గరిటె పట్టుకున్న ఈ చెయ్యే! దుర్గకి కూడా రొయ్యలు ఒలిచే షెడ్డులో పని సిద్ధంగా ఉంది. వాళ్ల నాన్న గంగాధర్ అప్పుడే మాట్లాడేశాడు.

అలాగని దిక్కు లేకపోలేదు. ప్రతి గురువారం మండలం నుంచి రూబీ మేడం వస్తుంది. చదువులో ఇబ్బంది పడే పిల్లల్ని చూడటం, తల్లిదండ్రులకి దారి చెప్పడం ఆవిడ ఉద్యోగం. వేరే గది లేదని ఆవిణ్ణి బియ్యం బస్తాల గదిలో కూర్చోబెట్టారు. ఆ గడప ఒక్క తల్లీ తొక్కదు. తొక్కితే ఫలానావాళ్ల పిల్లకి బుర్ర సరిగా లేదటని సాయంత్రానికి ఊరంతా పాకిపోతుంది మరి. పాపం ఆవిడ బస్తాల మధ్య ఒంటరిగా రిజిస్టరు రాసుకుని, రత్నమాణిక్యం పెట్టిన అన్నం తిని వెళ్లిపోతుంటుంది.

రత్నమాణిక్యం గేటు దగ్గర సత్యవాణిని పట్టుకుంది.

“ఏమే, గురువారం ఖాళీయేనా? పది కిలోల చింతపండొచ్చింది, గింజ తియ్యాలి. ఒక్కదాన్నీ చావలేకపోతున్నా.”

“దానికేముంది పిన్నీ, వత్తాను.”

చింతపండుకొస్తే ఎవరేమంటారు! గురువారం గంప ఖాళీ చేసుకుని సత్యవాణి వచ్చింది. రత్నమాణిక్యం చింతపండు చాట తీసుకెళ్లి సరాసరి బియ్యం గదిలో, రూబీ మేడం కుర్చీ పక్కన పెట్టింది.

“ఇదేంటి పిన్నీ, ఇంత మోసం చేశావు!”

“చేశాను. కూర్చో. గింజలు తీస్తూ విను, నీ సొమ్మేం పోయింది?”

రూబీ మేడం దుర్గని పిలిచి సైన్సు పుస్తకం చేతికిచ్చింది. ఒక్క వాక్యం కూడబలుక్కునేసరికి పిల్లకి చెమటలు పట్టేశాయి. అప్పుడు మేడం పుస్తకం తీసుకుని పాఠమంతా తనే చదివి, మూసేసి, ప్రశ్నలడిగింది. దుర్గ గడగడా చెప్పేసింది. నీళ్ల సంగతి వచ్చేసరికి పుస్తకంలో లేనిది కూడా చెప్పింది. “సముద్రానికి పోటొచ్చినప్పుడు ఏట్లోకి ఉప్పునీళ్లు ఎక్కుతాయండి. అందుకే మా నాన్న అప్పుడు వల ఇంకోచోట వేత్తాడు.”

చాటలో సత్యవాణి చెయ్యి ఆగిపోయింది. “మరి దీన్ని మొద్దంటారేంటండి అందరూ?”

“మొద్దు కాదమ్మా. కొందరికి అక్షరాలు పోల్చుకోవడం కష్టం. తెలివికి ఏ లోటూ ఉండదు. జిల్లా ఆసుపత్రిలో డాక్టర్లు చూసి సర్టిఫికెట్ ఇస్తే, పదో తరగతి పరీక్షలో ఈ పిల్ల చెబుతుంటే రాసిపెట్టడానికి మనిషినిస్తారు, టైము కూడా ఎక్కువిస్తారు. ఈలోగా చదవడం నేను నేర్పుతాను. కానీ దరఖాస్తు మీరు పెట్టాలి. నేను చెబితే, తల్లిదండ్రులు అడగలేదుగా అంటున్నారు హెడ్మాస్టరుగారు.”

“సార్ని నేను అడగడమా? అమ్మో!”

రత్నమాణిక్యానికి ఒళ్లు మండింది. “ఒసే, సంతలో ఎవడైనా నీ చేపని కుళ్లిపోయిందంటే ఊరుకుంటావా?”

“ఎందుకూరుకుంటాను? గంప నెత్తిన బోర్లించెయ్యనూ!”

“నీ కూతుర్నంటే మాత్రం సంతకం ఎక్కడండి అంటావు!”

 సత్యవాణి చింతపండు చేతులతోనే కళ్లు తుడుచుకుంది, అవి భగ్గున మండాయి, ఆవిడ ఏడుస్తూనే నవ్వేసింది.

శుక్ర, శనివారాలు వంటశాల వెనక రిహార్సళ్లు. గరిటె పట్టుకుని రత్నమాణిక్యమే హెడ్మాస్టరు. “ముందు కుర్చీలో కూర్చో. నిలబడ్డావంటే పని అయిపోయినట్టే. సంతకం ఎక్కడని కాదు, ఇదేం కాగితమని అడుగు. మేడం రాసిచ్చిన దరఖాస్తు ఇచ్చాక, ముట్టినట్టు ఆయన చేత సంతకం పెట్టించుకో.”

సోమవారం టీ గ్లాసులతో రత్నమాణిక్యం గుమ్మంలోనే నిలబడిపోయింది. సత్యవాణి కుర్చీ జరిపి కూర్చుంది. 

హెడ్మాస్టరుగారు కాగితం ముందుకి తోశారు. “ఇక్కడ సంతకం పెట్టమ్మా.”

“ఇదేం కాగితమండి?”

ఆయన కళ్లజోడు తీసి చూశారు. ఇన్నేళ్లలో ఆ ప్రశ్న ఆయన్నెవరూ అడగలేదు.

“చెప్పాను కదమ్మా, టీసీ.”

“మాకొద్దండి. మా పిల్ల ఈ బడిలోనే రాత్తాది.” సత్యవాణి కొంగు ముడి విప్పి రెండు కాగితాలు తీసింది. “ఇది దరఖాస్తండి. దీన్ని మీరు పైకి పంపాలంట. ఇది దాని నకలు. అందినట్టు దీని మీద మీరే సంతకం పెట్టాలండి.”

“నీకివన్నీ ఎవరు చెప్పారు?”

“చింతపండు ఒలుత్తుంటే తెలిసిందండి.”

ఆయన గుమ్మం వైపు చూశారు. రత్నమాణిక్యం తల దించుకోలేదు. ఫ్యాను తిరుగుతోంది, టీ చల్లారుతోంది. చివరికి ఆయన పెన్ను మూత తీసి సంతకం పెట్టారు. వంటశాలకొచ్చి రత్నమాణిక్యం గుండిగ మీద గరిటెతో కొట్టిన దెబ్బకి కాకులు మళ్లీ లేచిపోయాయి.

ఆ తరవాత తిరుగుడు తప్పలేదు. ఆసుపత్రికి మూడుసార్లు వెళ్లాల్సొచ్చింది. ఇదంతా దండగని మొదట గింజుకున్న గంగాధర్, మూడోసారి వల పక్కన పెట్టి కూతుర్ని తనే తీసుకెళ్లాడు. రొయ్యల షెడ్డు మాట మళ్లీ ఎత్తలేదు. పదో తరగతి అయ్యేదాకా ప్రతి గురువారం దుర్గ బస్తాల మధ్య కూర్చుని చదివింది. పదో తరగతి పరీక్షల్లో, కింది క్లాసు పిల్ల లావణ్య పక్కన కూర్చుని, దుర్గ చెప్పింది చెప్పినట్టు రాసింది.

ఆరు వందలకి మూడు వందల తొంభై నాలుగు! సైన్సులో క్లాసుకే రెండోది.

మార్కుల మెమో తీసుకోవడానికి తల్లీకూతుళ్లు వచ్చారు. హెడ్మాస్టరుగారు రిజిస్టరు తిప్పి పెన్ను అందించారు.

“ఇక్కడ సంతకం పెట్టమ్మా దుర్గా.”

దుర్గ పెన్ను అందుకుంది గానీ, “ఇదేం కాగితమండి?” అంది.

ఆయన ఒక్క క్షణం బిత్తరపోయి, పకపకా నవ్వేశారు. “చదివి వినిపించనా?”

“వద్దండి. నేను చదువుతాను.”

వేలు పెట్టుకుని, ఒక్కో అక్షరమే పట్టుకుని, నెమ్మదిగా చదివింది. ఎవరూ తొందరపెట్టలేదు. గుమ్మంలో రత్నమాణిక్యం గరిటె గుండెకి అదుముకుని, చివరి మాట దాకా వింది. అప్పుడు దుర్గ సంతకం పెట్టింది.