సారలమ్మ కొట్టని కాయ

నా చెవులు పోయి రెండేళ్లయింది. నోరు మాత్రం భేషుగ్గా ఉంది, అల్లా దయ. ముప్పై ఏళ్లు సర్కారు బడిలో తెలుగు చెప్పిన నోరు అంత తొందరగా మూతపడదు. చెవికి మిషన్ పెట్టించారు. గిన్నెలు బోర్లించిన చప్పుడు తప్ప ఏమీ వినపడక, తీసి డబ్బాలో పడేశాను. ఇంట్లోవాళ్లు చెప్పాల్సింది నోట్‌బుక్‌లో రాసి చూపిస్తారు.

పక్కింటి సారలమ్మకు సంతకం వరకే చదువు, నోట్‌బుక్‌లో రాయడం రాదు. అయినా రోజూ నాలుగింటికి అష్టాచెమ్మ ఆడటానికి వస్తుంది. ఒకప్పుడు మా కొట్లాటకు మట్టెవాడలో మా సందంతా కిటికీలు తెరిచేది. ఇప్పుడు ఆమె గవ్వలు వేస్తుంది, నవ్వుతుంది, ఓడిపోయి ఇంటికి పోతుంది. ఎదుటివాళ్ల కాయను ఒక్కసారైనా కొట్టనిదే లోపలి గడుల్లోకి పోనివ్వని ఆట అది. రెండేళ్లుగా ఆమె నా కాయ కొట్టలేదు, లోపలికి పోలేదు. జాలి! నా మీద, సారలమ్మకు! ఒళ్లు మండిపోయేది. ఒక్క మంచి కొట్లాట కోసం నా ప్రాణం ఎంత కొట్టుకునేదో ఎవరికి చెప్పను?

నా మనవరాలు ఫిజా హసన్‌పర్తిలో ఇంజనీరింగ్ చదువుతోంది. మొన్న ఆదివారం నా ఫోన్‌లో బ్రౌజర్ తెరిచి, తను తయారుచేసిన పేజీ ఒకటి నా ముందు పెట్టింది. పెదవులు కదిపింది. తెర మీద తెలుగు అక్షరాలు వచ్చాయి!

“దాదీ, ఇది వేల గంటల మాటలు విని, ఇన్నది రాసుడు ముందే నేర్చుకొని వచ్చిన కంప్యూటర్ మోడల్. నేను పేజీల పెట్టిన, అంతే.”

ఆ మోడల్ ఒత్తులు మింగేసింది, రెండు మాటలు కలిపేసింది. నా చెయ్యి ఎర్ర పెన్ను కోసం వెతికింది. ఇక్కడ మీకు దిద్దే రాస్తున్నాను.

నాలుగింటికి సారలమ్మ వచ్చింది. ఫోన్ సంగతి తెలిసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కొంగు చాటు మాట కూడా తెర మీద పడింది.

“నా మాటలు ఏడికి పోతయే బిడ్డా? ఊరంత ఇంటరా?”

“ఏడికీ పోవు అమ్మమ్మా, ఫికర్ చేయకు. మోడల్ నెట్ల నుంచి ఒక్కసారి ఫోన్లకు దిగింది, ఇగ అంతా ఈ ఫోన్లనే. నెట్ బంద్ చేస్త, సూడు.”

ఫిజా డేటా, వైఫై రెండూ ఆపేసి మాట్లాడింది. అక్షరాలు వస్తూనే ఉన్నాయి. సారలమ్మ కొంగు దించి గొంతు సర్దుకుంది. రెండేళ్ల తర్వాత నాతో ఏమంటుందోనని ఆత్రంగా వంగి చూశాను.

“అక్కా, చాయ్ తాగినవా?”

అయ్యో ఖర్మ! దీనికా ఇంత సంబరం?

ఆట మొదలైంది. కాసేపటికి నా కాయ, కొట్టకుండా కాపాడే అడ్డగీతలు లేని గడిలో ఒంటరిగా దొరికిపోయింది. సారలమ్మకు మూడు పడింది. సరిగ్గా మూడు గడుల దూరంలో నా కాయ. దాన్ని చూసి కూడా వేరే కాయ జరిపింది.

నాకు తిక్క లేచింది. “ఎందుకు కొట్టలేదే? నేను చెవిటిదాన్ననా? నీ జాలి తీస్కపోయి మోరీల పడేయ్!”

సారలమ్మ గవ్వలు కింద పెట్టి ఫోన్ వైపు వంగింది. తెర మీద ఒక్కో మాటా వచ్చింది.

“జాలి కాదక్కా. కొడితె నువ్వు తిడ్తవు. నేను తిరిగి తిడితె నీకు ఇనవడది. ఒక్కదాన్నే ఏం కొట్లాడాలె? మనసొప్పలె.”

కళ్లు మసకబారాయి. తుడుచుకుని మళ్లీ చదివాను.

“ఆ కాయ ఎనక్కి పెట్టు,” అన్నాను. “నాది కొట్టు. కొట్టి తిట్టు, చదువుత.”

కొట్టింది! నా కాయ ఎగిరి మంచం కింద పడింది. తెర నిండిపోయింది.

“ఓయమ్మో, పెద్ద పంతులమ్మ! రెండేండ్ల సంది తొండి ఆడుతానవ్! నాలుగు పడితె ఐదు జరుపుతవ్! ఊకున్నగదా అని తెలుస్తలేదనుకున్నవా? పిల్లలకు లెక్కలు చెప్పలే, మంచిగైంది!”

“నేనా? తొండా? నోరు కడుక్కో పో!”

నిజమే, జరిపాను. ఎప్పటికైనా పట్టుకుని తిడుతుందేమోనని.

ఇద్దరం ఒకేసారి అరిచేసరికి పాపం ఆ మోడల్ నా తిట్లూ ఆమె తిట్లూ కలిపి ఒకే వాక్యం చేసింది. ఎదురింటి రాజేశ్వరి కిటికీ తెరిచింది. ఫిజా పొట్ట పట్టుకుని నవ్వుతూ చార్జర్ తెచ్చింది.

ఆ సాయంత్రం సారలమ్మ కాయలు నాలుగూ లోపలికి పోయి పండాయి. నేను ఓడిపోయాను, రెండేళ్లలో మొదటిసారి. ఇంత సంతోషం నా రిటైర్మెంట్ సన్మానం నాడు కూడా కలగలేదు. గడప దాటబోతూ ఆమె వెనక్కి తిరిగి ఏదో అంది. గబగబా ఫోన్ అందుకున్నాను.

“రేపు గిన తొండి చేసినవో, చేతులు ఇరగ్గొడ్త. ఫోన్ చార్జింగ్ పెట్టుకో.”