ఒంటరిగా దిగిన పెట్టె

నేను ఒక రేకు పెట్టెని. నల్ల రంగు పూసిన మిలిటరీ ట్రంకు పెట్టెని. నలభై నాలుగేళ్ళు సైన్యంలో తిరిగానంటే ఎంత గుండె ధైర్యమో అనుకునేరు. అలాంటిదేమీ లేదు. నేను పుట్టుకతోనే పిరికిదాన్ని. లోపల ఏమీ లేనప్పుడు చిన్న దెబ్బ తగిలినా ఊరంతా వినబడేలా మోగుతాను, నిండుగా ఉన్నప్పుడు నోరు మూసుకుంటాను. ఈ గుణం మనుషుల్లో కూడా చాలామందిలో చూశాను కాబట్టి పెద్దగా సిగ్గుపడను.

హైదరాబాదులో గోల్కొండ వెళ్ళే దారిలో ఒక రేకుల కొట్లో పుట్టాను. నన్ను చేసిన ముసలాయన రేకు మడిచి, సుత్తితో అంచులు కొట్టి, మూలలకి బిళ్ళలు బిగించాడు. దగ్గర్లో సైనిక శిక్షణకి వచ్చిన కుర్రాళ్ళు ఆయన దగ్గరే పెట్టెలు కొనుక్కునేవారు. పెట్టె చేతికిచ్చే ముందు ఆయన మూత మీద అరచెయ్యి వేసి, "మనిషితో కలిసి రా" అని చిన్నగా అనేవాడు. ఆ మాట కుర్రాడితో అనడానికి మొహమాటపడి పెట్టెతో అంటున్నాడని అప్పట్లో నాకు తెలియదు. పెట్టెకి జాగ్రత్తలు చెప్పడమేమిటని మాత్రం అనుకున్నాను. భయం మొదలయింది అక్కడే.

నా మొదటి యజమాని కూర్మారావు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని రావిమెట్ట అతని ఊరు. జీడిమామిడి, కొబ్బరి, సైనికులు, ఈ మూడూ ఆ నేలలో బాగా పండుతాయని వాళ్ళే నవ్వుతూ చెప్పుకుంటారు. ఇంటికి ఒకరైనా మిలిటరీలో ఉంటారు. నా మూత మీద తెల్ల రంగుతో అతని పేరూ నంబరూ రాశారు. మొదటి సెలవుకి వచ్చినప్పుడు ఆ ఊరి ఆచారం తెలిసింది.

రావిమెట్టలో సైనికుడు తన పెట్టె తాను మోయకూడదు. ఊరే పలాస స్టేషనుకి వస్తుంది. పెట్టె ఎవరో ఒకరి నెత్తికెక్కుతుంది, మనిషి దాని వెనక చేతులూపుకుంటూ నడుస్తాడు. తాళంచెవి మాత్రం అతని మొలతాడుకే ఉంటుంది. ఇంటి గుమ్మంలో కూర్చుని అతనే దాన్ని విప్పి ఇవ్వాలి, అప్పుడు ఇల్లాలో తల్లో మూత తియ్యాలి. నన్ను ఎవరు మొయ్యాలని ఇద్దరు పెద్దమనుషులు కొట్టుకోబోవడం చూసి ఆ రోజు నేను కాస్త పొంగిపోయానని ఒప్పుకుంటాను.

పెట్టె ఇంకో రకంగా కూడా వస్తుంది. కూర్మారావు రెండో సెలవులో అది చూశాను. ఎదురింటికి ఒక పెట్టె వచ్చింది. తెచ్చిన జవాన్లు దాన్ని గుమ్మంలో దించి, ఆ ఇంటి ఆడమనిషికి సెల్యూట్ చేసి, కళ్ళు దించుకుని నిలబడ్డారు. తాళంచెవి పెట్టె పిడికే దారంతో కట్టి ఉంది. ఎందుకంటే దాన్ని మొలతాడు నుంచి విప్పి ఇచ్చే మనిషి లేడు. ఆ ఊరివాళ్ళు దాన్ని ఒంటి పెట్టె అంటారు. ఆ మాట పైకి అనాల్సి వస్తే గొంతు తగ్గిస్తారు.

ఆ రోజు నుంచి తూటాలకి గాని, మంచుకి గాని నేను భయపడలేదు. నా భయమంతా ఒక్కటే. ఎప్పుడో ఒకప్పుడు నేను ఒంటరిగా దిగుతానని.

కూర్మారావు ఇరవై నాలుగేళ్ళు చేసి, సుబేదారుగా రిటైరై, నన్ను తన మేనల్లుడు బమ్మిడి వల్లభరావుకి ఇచ్చాడు. పాత పేరు మీద నల్ల రంగు పూసి కొత్త పేరు రాశారు. ఎండలో ఏటవాలుగా చూస్తే కింద మావయ్య పేరు కనబడుతుంది. వల్లభరావు మాటకారి కాదు. అతని మాటలన్నీ నీలాచలం మాట్లాడేవాడు. నీలాచలానిది ఇచ్ఛాపురం పక్కన చిన్న ఊరు. ఇద్దరిదీ ఒకే యూనిట్. నా మీద దుప్పటి పరిచి పేకాడేవారు. నీలాచలం గెలిచినప్పుడల్లా నా మూత మీద డప్పు వాయించేవాడు, నాకు ఒళ్ళు మండేది.

వల్లభరావు రిటైరవడానికి రెండేళ్ళ ముందు, మంచు కొండ మీద కాపలాకి ఇద్దరూ కలిసి వెళ్ళారు. ఒక్కడే తిరిగొచ్చాడు. నీలాచలం బట్టలు వల్లభరావే మడతపెట్టి వాడి పెట్టెలో సర్దాడు. తాళంచెవి పిడికి కట్టడానికి మూడుసార్లు ప్రయత్నించాడు. నాలుగోసారి ముడి పడింది. ఆ పెట్టె ఒక రోజంతా నా పక్కనే ఉంది. నేను దాని వైపు చూడలేదు. అంత పిరికిదాన్ని.

వల్లభరావు పదవీ విరమణ రోజు దగ్గరపడింది. రావిమెట్టలో హడావిడి నాకు ఫోన్లలోనే తెలిసింది. రంగురంగుల ఫ్లెక్సీ వేయించారట, బ్యాండు మాట్లాడారట, పలాస నుంచి ఊరిదాకా ఊరేగింపట. కుర్రకారు పది నిమిషాలకొకసారి ఫోన్ చేసి ఫ్లెక్సీలో ఏ ఫొటో పెట్టాలని అడిగేవారు. అతను "మీ ఇష్టం" అనేవాడు. ఒక రోజు ఫోన్ పెట్టేసి, పక్క మంచం మీద ఉన్న హవల్దార్ సెల్వంతో హిందీలో, "దండలు వేయించుకునే మెడా నాది?" అన్నాడు. నాకు రేకంతా చల్లబడింది. ఆ గొంతులో అలసట ఉందో ఇంకేదైనా ఉందో నాకు అంతుపట్టలేదు.

ఇద్దరూ ఒకే రైలెక్కారు. సెల్వం చెన్నై దాకా వెళ్ళాలి. నన్ను బెర్తు కింద తోశారు. బెర్తు కింద ఉన్నదానికి కాళ్ళు తప్ప ఏమీ కనబడవు. కాబట్టి ఆ ప్రయాణంలో నాకు తెలిసింది వల్లభరావు బూట్లు మాత్రమే. అవి ఒక్కచోట నిలవలేదు. తలుపు దాకా వెళ్ళడం, రావడం, మళ్ళీ వెళ్ళడం. తెల్లవారి, బరంపురం దాటాక, ఫోన్ మోగీ మోగీ ఆగిపోయింది. అతనే ఆపేశాడు.

ఇచ్ఛాపురంలో రైలు ఆగింది. బూట్లు లేచాయి. వల్లభరావు సెల్వం చెవిలో ఏదో అన్నాడు. బూట్లు తలుపు వైపు వెళ్ళాయి. రైలు కదిలింది. బూట్లు తిరిగి రాలేదు.

నేను ఎదురుచూశాను. బాత్రూముకి వెళ్ళి ఉంటాడనుకున్నాను. వేరే బోగీలో తెలిసినవాళ్ళెవరైనా కనబడ్డారేమో అనుకున్నాను. కదిలే రైలు, తెరిచిన తలుపు, దండల గురించి ఆ రోజు విన్న మాట, అన్నీ కలిపి అనుకోకూడనిది కూడా అనుకున్నాను. పలాస వచ్చేసరికి సెల్వం నన్ను బయటికి లాగాడు. అతను జాగ్రత్త మనిషి. వల్లభరావు ఇచ్చిన తాళంచెవి ఎక్కడ పోతుందోనని ఒక ఖాకీ దారం తీసి నా పిడికి గట్టిగా రెండు ముళ్ళు వేసి కట్టాడు. వద్దని చెప్పడానికి నాకు నోరెక్కడిది?

ప్లాట్‌ఫారం మీద రావిమెట్ట మొత్తం ఉంది. బ్యాండు వాయిస్తున్నారు. ముందు వరసలో వల్లభరావు భార్య దమయంతి హారతి పళ్ళెంతో నిలబడి ఉంది, ఆకుపచ్చ చీరలో. ఆమె పక్కన దండ పట్టుకుని కూర్మారావు. అందరి కళ్ళూ తలుపు మీదే ఉన్నాయి. తలుపులోంచి నేను దిగాను.

నా వెనక ఎవరూ దిగలేదు. తమిళ జవానుకి తెలుగు రాదు, బండి ఆగేది రెండు నిమిషాలు. ఆమె ఎవరో పళ్ళెం చూసి పోల్చుకుని, స్నేహితుడి భార్య కదా అని నిటారుగా నిలబడి సెల్యూట్ చేశాడు. బండి కదిలితే ఎక్కేశాడు. తలుపులోంచి చెయ్యి ఊపుతూ ఏదో అరిచాడు కూడా. బ్యాండులో అది ఎవరికీ చేరలేదు.

ముందు సన్నాయి ఆగింది. ఆ తర్వాత చిన్న డ్రమ్ము. పెద్ద డ్రమ్మువాడు వెనక ఉన్నాడు, వాడికి ఏమీ కనబడలేదు, ఇంకో నాలుగు దెబ్బలు వేసి తనూ ఆగాడు. రెండు వందల మంది నన్నే చూస్తున్నారు. నా మూత మీది పేరుని కాదు, నా పిడిని. కూర్మారావు చేతిలోని దండ నెమ్మదిగా వీపు వెనక్కి పోయింది.

నేను చచ్చేటంత భయపడ్డాను. నలభై ఏళ్ళకి పైగా భయపడిన ఘడియ వచ్చేసింది. అతను బతికున్నాడో లేదో నాకే తెలియదు. తెలిసినా చెప్పలేను. ఆ ఆకుపచ్చ చీర వైపు చూడలేకపోయాను.

కూర్మారావు ఫోన్ చేశాడు. స్విచ్ఛాఫ్. యూనిట్‌కి చేశాడు. మనిషి క్షేమంగా రైలెక్కాడని చెప్పారు. ఆ కబురుతో భయం తగ్గకపోగా ఇంకా పెరిగింది, ఎక్కినవాడు దిగలేదు కాబట్టి. ఎవరో వెళ్ళి స్టేషను మాస్టరుతో మాట్లాడారు, ఆయన పాపం వెనక స్టేషన్లన్నిటికీ ఫోన్లు చేస్తున్నాడు. ఒకావిడ ఏడుపు ఎత్తుకోబోయింది. అప్పుడు దమయంతి పళ్ళెం నేల మీద పెట్టి, వచ్చి నా మూత మీద కూర్చుంది.

"ఎవులూ ఏడవకండి. ఈ పెట్టి నానిప్పను. ఆయనొచ్చి ఇప్పుతాడు," అంది.

ఆమె వణుకు నా నాలుగు మూలలకీ తెలిసింది. పైకి ఎవరికీ తెలియలేదు.

మనుషుల మీద నాకు చాలా ఫిర్యాదులున్నాయి గాని, ఆ మూడు గంటలు చూశాక కొన్ని వదులుకున్నాను. అప్పటిదాకా సెల్‌ఫోన్లు ఎత్తి పట్టుకున్న కుర్రాళ్ళు వాటిని జేబుల్లో పెట్టేసుకున్నారు. ఒకడు ఫ్లెక్సీ దగ్గరికెళ్ళి, ఫొటోకి ముందే వేలాడదీసిన పూలదండ చప్పుడు కాకుండా తీసేశాడు. స్టేషను బయట పరిచిన టపాకాయలు చుట్టేశారు. ఒక్కరూ ఇంటికి పోలేదు. బ్యాండువాళ్ళు కూడా, వేరే ఊళ్ళో పెళ్ళి ఉన్నా, పోలేదు. ఆడవాళ్ళు దమయంతి చుట్టూ నేల మీదే కూర్చున్నారు. ఎవరూ ఓదార్పు మాటలు చెప్పలేదు. ఎండ జరిగినప్పుడల్లా ఎవరో ఒకరు లేచి ఆమెకి అడ్డంగా నిలబడ్డారు. ఊరేగింపు జరిగి ఉంటే అతనికి ఇంత గౌరవం జరిగేది కాదు. కానీ ఆ గౌరవం ఎవరికి జరుగుతోందో తెలియక నా ప్రాణం గిలగిల్లాడింది.

మధ్యాహ్నం ఇచ్ఛాపురం వైపు నుంచి ప్యాసింజరు వచ్చింది. ఎవరూ లేవలేదు. లేచి చూడటానికి కూడా భయమే. నేను నేల మీదే ఉన్నాను కాబట్టి నాకు ముందు కనబడ్డవి కాళ్ళు. చివరి బోగీలోంచి ఒక జత బూట్లు దిగాయి. వాటి పక్కన రెండు ముసలి పాదాలు, చెప్పుల్లేకుండా.

వల్లభరావు ఆ ముసలావిడ చెయ్యి పట్టుకుని నాలుగడుగులు వేసి ఆగిపోయాడు. నిశ్శబ్దంగా కూర్చున్న ఊరిని చూశాడు. నన్ను చూశాడు. పిడికి కట్టిన తాళంచెవి చూశాడు. ఆ ఊళ్ళో పుట్టినవాడికి ఇంకేం చెప్పాలి?

దమయంతి లేవబోయి మళ్ళీ కూలబడింది. కూర్మారావు అడిగాడు, కోపమూ ఏడుపూ కలిసిపోయిన గొంతుతో. "ఏటయిపోనావురా?"

అతను చెప్పాడు, ముక్కలు ముక్కలుగా. ఆవిడ నీలాచలం తల్లి లోలాక్షమ్మ. కొడుకు పెట్టె వచ్చిన రోజు జిల్లా అంతా వాళ్ళింటికి వచ్చింది, జెండాలు పట్టుకుని జైకొట్టింది, పది రోజుల తర్వాత ఒక్కరూ రాలేదు. ఆవిడ ఆ పెట్టె తెరవలేదు. రెండేళ్ళుగా తాళంచెవి పిడికే వేలాడుతోంది. సర్దినవాడివి నువ్వే, నువ్వొస్తేనే విప్పుతానని ఫోన్లో అందట. తన ఇంటి గుమ్మం తొక్కకముందే వస్తానని మాటిచ్చాడట. మేళం కోసం, దండల కోసం ఆ స్టేషను దాటిపోవడం తన వల్ల కాలేదన్నాడు. గంటలో వచ్చేద్దామనుకున్నాడు. పెట్టె తెరిచాక గంట సరిపోలేదు.

తాళంచెవి సెల్వం జేబులో పెట్టుకుని, సంగతి చెప్పి మీ చేతికిస్తాడనుకున్నాను, కడతాడనుకోలేదు, అని తల దించుకున్నాడు. ఎవరూ తిట్టలేదు. తిడతారనే నేను అనుకున్నాను.

దమయంతి ఒంగి, ఖాకీ దారాన్ని పళ్ళతో కొరికి, తాళంచెవి తీసింది. ముళ్ళు పిడికే ఉండిపోయాయి. ఆమె భర్త దగ్గరికి నడిచి, అతని అరచేతిలో తాళంచెవి పెట్టి, వేళ్ళు ఒక్కొక్కటే తనే మడిచింది.

కూర్మారావు వీపు వెనక దండ ఇంకా అలాగే ఉంది. లోలాక్షమ్మ అది చూసి చెయ్యి చాపింది. వల్లభరావు వెనక్కి తగ్గాడు. ఆవిడ ఊరుకోలేదు.

"నా కొడుక్కేసిన దండలు ఆడు సూళ్ళేదు. నువ్వు సూడు నాయినా. వొంచు తల," అంది.

అతను తల వంచాడు. అప్పుడు ఏడ్చింది ఊరంతా.

బ్యాండు మోగలేదు, టపాకాయలు పేలలేదు. నన్ను వంతులవారీగా నెత్తికెత్తుకుని అందరూ ఊరిదాకా నడిచారు. లోలాక్షమ్మని మధ్యలో పెట్టుకుని నడిచారు. ఆవిడ తిరిగి వెళ్ళేటప్పుడు కూర్మారావు వెంట వెళ్ళాడు. ఆ తర్వాత నెలలో రెండుసార్లయినా రావిమెట్ట నుంచి ఎవరో ఒకరు ఆవిడ గుమ్మం ఎక్కుతూనే ఉన్నారు.

ఇప్పుడు నేను వల్లభరావు ఇంట్లో కిటికీ కింద ఉంటాను. లోపల చలికాలపు దుప్పట్లు, ఒక నీలం స్వెట్టరు ఉన్నాయి. స్వెట్టరు నీలాచలానిది, తల్లి ఇచ్చింది. కొత్తగా సైన్యంలో చేరే కుర్రాళ్ళు వెళ్ళే ముందు వచ్చి నా మీద చెయ్యి వేస్తారు. నేను అదృష్టం పెట్టెనట. ఎంత భయపడ్డానో వాళ్ళకి తెలియదు. వాళ్ళు వెళ్ళిన ప్రతిసారీ కొత్తగా భయపడతానని కూడా తెలియదు. రేకుల కొట్టు ముసలాయన మాట ఇప్పుడు నేను వాళ్ళ పెట్టెలతో అంటాను. వినబడుతుందో లేదో.

నా పిడికి ఆ ఖాకీ ముళ్ళు ఇంకా ఉన్నాయి. దమయంతి విప్పనివ్వదు. దూరంగా రైలు కూత వినబడితే చాలు, చేస్తున్న పని వదిలేసి వచ్చి ఆ ముళ్ళ మీద చెయ్యి వేస్తుంది. భర్త పెరట్లో కొబ్బరి మట్టలు నరుకుతున్నాడని ఆమెకి తెలుసు. కత్తి చప్పుడు నాకూ వినబడుతూనే ఉంటుంది. అయినా పెరటి వైపు తిరిగి అడుగుతుంది.

"ఉన్నావా?"

"ఉన్నాను."

ఆ మాట వినేదాకా ఆమె చెయ్యి తియ్యదు.