ఫ్రీజర్ దాటిన కణాలు

ఆ కణాలు క్లోమానివి కావు.

కంప్యూటర్ తెర మీది ఫలితాన్ని ఆమె మళ్లీ చదివింది. వెనక ఫ్రీజర్ గుర్రుమంటోంది. క్లోమం క్యాన్సర్ అని చీటీ అంటించి ఇన్నేళ్లుగా అందులో దాచిన కణాలు, ఎవరిదో ఊపిరితిత్తుల కణితివట. కొత్త పరిశోధన పేపరు వేయాలంటే కణాలకు గుర్తింపు పరీక్ష తప్పదని సైన్సు పత్రికవాళ్లు పట్టుబట్టారు కాబట్టి పంపింది. లేకపోతే ఈ జన్మకి పంపేది కాదు. ఎప్పుడో ఎవరో ఒకే పిపెట్ గొట్టాన్ని రెండు సీసాల్లో ముంచి ఉంటారు. వేగంగా పెరిగే కణాలు నెమ్మదిగా పెరిగేవాటిని తుడిచిపెట్టేశాయి.

ఆమెకు పేరు తెచ్చిన పేపరు ఆ కణాల మీదే రాసింది. ఫలానా ప్రొటీన్‌కి అడ్డుపడితే క్లోమం క్యాన్సర్ ఆగుతుందన్నది దాని సారాంశం. ఎక్కడెక్కడివాళ్లో తమ పేపర్లలో దాన్ని ఉదహరించారు. దాన్ని నమ్మి ఒక కంపెనీ మందు కూడా తయారుచేసింది. ప్రమోషను, సొంత ల్యాబు, తలుపు మీద పేరు, అన్నీ ఆ పేపరు పెట్టిన భిక్షే.

ఫోన్ మోగింది. అక్క.

"ఏమే, మీ బావని తీసుకున్నారే! నీ మందు ట్రయల్లోకి! సోమవారమే మొదటి డ్రిప్పు!"

"మరి పాత మందు?"

"ఆపేశారు. రెండూ కలిపి ఇవ్వరట కదా. ఇదిగో, ఈయన మాట్లాడతారట."

"మరదలా, స్కోరెంత?" క్లోమం క్యాన్సర్‌తో బావ గొంతు పీలగా ఉన్నా హుషారుగా ఉంది. ఆమె పేపరుని ఎంతమంది ఉదహరించారన్న లెక్కకు ఆయన పెట్టిన పేరది.

"బావా, మళ్లీ చేస్తాను."

కోటు విప్పకుండానే ఆసుపత్రికి పరిగెత్తింది.

ట్రయల్ నడిపే డాక్టరు లేచి నిలబడి మరీ కుర్చీ చూపించాడు. "మీ పేపరే లేకపోతే ఈ ట్రయలే లేదు మేడమ్."

"ఆ పేపరు తప్పు."

ఆమె చెప్పింది విని ఆయన నవ్వాడు. "ఒక్క మీ పేపరే అయితే నేనూ భయపడేవాణ్ణి. కానీ ఎన్ని ల్యాబులు చేసి చూశాయండీ! అందరికీ అదే ఫలితం. అందరూ తప్పేనా?"

"వాళ్లందరికీ కణాలు ఎవరు పంపారో కనుక్కున్నారా?"

"ఎవరు?"

"నేనే. అడిగినవాళ్లకి లేదనకుండా, డ్రై ఐస్‌లో పెట్టి, థర్మాకోల్ డబ్బాల్లో."

"మరి ఎలుకల మీద చేసిన ప్రయోగాలు?"

"వాటికి ఎక్కించినవీ అవే."

డాక్టరు కూర్చున్నాడు. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఆపడం నా ఒక్కడి చేతుల్లో లేదు," అన్నాడు చివరికి. "కమిటీ కూర్చోవాలి. మందు కంపెనీ ఒప్పుకోవాలి. మీరు పేపరు వెనక్కి తీసుకుంటారా?"

"ఇప్పుడే రాస్తాను."

"అది తేలేసరికి నెలలు పడుతుంది." గొంతు తగ్గించాడు. "మీ బావగారు కావాలంటే తప్పుకోవచ్చు. పాత మందు మళ్లీ మొదలుపెడదాం. అది జబ్బుని తగ్గించదు, కానీ కొన్నాళ్లు అదుపులో ఉంచుతుంది."

ఆ కొన్నాళ్ల కోసమే ఆమె అక్కా వాళ్ల ఫ్లాట్ మెట్లు రెండేసి చొప్పున ఎక్కింది.

బావ కిటికీ దగ్గర పెరుగన్నం తింటున్నాడు. మెల్లగా అయినా తనంతట తానే. పాత మందుతో నోరంతా పుండ్లు పడి, గుటక వేయాలంటే గోడ పట్టుకునే మనిషి.

ఆమె మొత్తం చెప్పింది. ఏమీ దాచలేదు.

అక్క నమ్మలేదు. "నువ్వెప్పుడూ ఇంతే. పరీక్షలో ఫస్టొచ్చి కూడా ఫెయిలయ్యానని ఏడ్చినదానివి! ఇదిగో చూడు." ఫోన్ తీసి మొహం మీద పెట్టింది. ఆమె పేరు, దాని పక్కన ఆ అంకె. చుట్టాలందరికీ చూపించి చూపించి అక్కకి అలవాటైన పేజీ. "ఇంతమంది చదువుకున్నవాళ్లు అవునంటుంటే నువ్వొక్కదానివీ కాదంటావా?"

"వాళ్లు అవునన్నది నా కణాలని చూసే అక్కా."

"నా దగ్గర సైన్సు మాట్లాడకు. ఈయన్ని ఒప్పించింది నేను. మా చెల్లి మందు అని చెప్పి ఒప్పించాను."

బావ కంచం పక్కన పెట్టాడు. "మరదలా, పాత మందైతే ఎన్నాళ్లు?"

ఆమె చెప్పింది.

"ఆ పుండ్లతోనా?"

తల ఊపింది.

"నీ మందు పనిచేయదని నీకు గ్యారంటీగా తెలుసా?"

తెలియదు. పనిచేస్తుందనడానికి ఆధారం ఏమీ లేదని మాత్రమే తెలుసు. ఆ మాటే అంది.

"ఇంకేం," అన్నాడు బావ. "ఈ తిండి నాలుగు రోజులు సుఖంగా తిననీ."

"బావా, నీ కాళ్లు పట్టుకుంటాను."

"లే, లే. పట్టుకుంటే చక్కిలిగింతలు నాకు."

నవ్వింది ఆయనొక్కడే.

సోమవారం డ్రిప్పు గదిలో వరసగా కుర్చీలు. ప్రతి కుర్చీలో ఒకరు, ప్రతి ఒక్కరి పక్కన ఆశగా చూసే మరొకరు. కమిటీ ఇంకా కూర్చోలేదు. పత్రికవాళ్లు 'మీ విన్నపం అందింది, పరిశీలిస్తాం' అని రాశారు. నర్సు బావ చేతికి సూది గుచ్చి ప్లాస్టర్ వేసింది. గొట్టంలో మొదటి చుక్క కదిలింది.

ఆమె ఫోన్ టింగుమంది. మరో దేశంలో ఎవరో కొత్త పేపరు వేశారు, ఆమె పేపరుని ఉదహరిస్తూ. చివర్లో కణాలు పంపినందుకు కృతజ్ఞతలు కూడా చెప్పారు.

బావ కళ్లు మూసుకునే అడిగాడు. "స్కోరెంత?"

అక్క ఆమె వైపే చూస్తోంది.

"పెరిగింది బావా," అంది.